చైనా ఎర్ర వేరు, బాపు మానేసిన గోలీ

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది దేవరకొండ దగ్గర ఒక పల్లె. మా బాపుకు 63 ఏళ్లు. ఐదు నెలల కిందట గుండెపోటు వస్తే హైదరాబాద్‌లో స్టంట్ వేశారు. మెడలోని రక్తనాళాల్లో కూడా కొవ్వు పేరుకుని గట్టిపడిందని స్కాన్‌లో వచ్చింది. మొన్న మా మేనబావ ఒక డబ్బా తెచ్చిచ్చాడు. చైనాలో రెండు వేల ఏళ్లుగా వాడుతున్న ‘డాన్‌షెన్’ అనే వేరుతో చేసిన క్యాప్సూల్స్ అట. మూడు నెలలు వాడితే గట్టిపడ్డ నాళాలు మెత్తబడి బ్లాకులు కరిగిపోతాయని, ఇక దవాఖాన గోలీలతో పని లేదని అంటున్నాడు. నెలకు 4,800 రూపాయలు. సైంటిస్టులు రాసినవని ఫోన్‌లో ఏవో రిపోర్టులు కూడా చూపించాడు. బాపు 12 రోజులుగా అవి మింగుతున్నాడు. కాళ్లు గుంజుతున్నాయని కొలెస్ట్రాల్ గోలీ వారం కిందటే మానేశాడు. గుండెపోటు వచ్చిన రాత్రి కారు తీసి బాపును హైదరాబాద్ చేర్చింది ఈ బావే. ఆయన మాట కాదనలేకపోతున్నాం. ఆ వేరుకు నిజంగా సైన్సు ఆధారం ఉందా? మన మద్ది చెక్క అయినా మేలా?
– ఒక కూతురు, నల్లగొండ జిల్లా

సమాధానం:

అమ్మా, ఈ జవాబు మొత్తం చదవడం తర్వాత సంగతి. ముందు లేచి బాపు మందుల సంచి తెరవండి. కొలెస్ట్రాల్ గోలీ ఈ రాత్రి నుంచే మళ్లీ మొదలుపెట్టించండి. మానేసిన రోజులవి కలిపి రెండేసి వేయవద్దు, ఎప్పటి మోతాదే చాలు. అంతకన్నా ముఖ్యం, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన గోలీలు. అవి మామూలుగా రెండు ఉంటాయి. ఒకటి ఆస్పిరిన్, రెండోది క్లోపిడోగ్రెల్ లేదా టికాగ్రెలార్. అవి రోజూ కడుపులో పడుతున్నాయో లేదో షీట్లు లెక్కపెట్టి చూడండి. వేసుకుంటున్నానని బాపు నోటితో చెబితే నాకు ధైర్యం చాలదు. ఒక్కటి ఆగినా స్టంట్ వేసిన డాక్టరుకు ఈరోజే ఫోన్ చేయండి.

గుండెపోటు వచ్చి స్టంట్ పడినవారికి ఈ రెండు గోలీల జోడీ సాధారణంగా ఏడాది నడుస్తుంది. స్టంట్ అంటే సన్నని లోహపు జాలి. దాని మీద నాళం లోపలి పొర పరుచుకోవడానికి నెలలు పడుతుంది. ఈలోపు గోలీలు ఆపితే ఆ జాలి మీదే రక్తం గడ్డకట్టి నాళం ఒక్కసారిగా మూసుకుపోవచ్చు. అలా వచ్చిన గుండెపోటులో మనిషి దక్కడం కష్టం. మీ బాపుకు ఇంకా ఐదు నెలలే అయింది. ఛాతీలో బరువు, చెమటలు, దవడకో చేతికో పాకే నొప్పి, ఏది కనిపించినా 108కి ఫోన్ చేయండి. బావ కారు కోసం కూడా ఆగవద్దు.

క్యాప్సూల్స్ మాత్రం డాక్టరు చూసేదాకా ఆపండి. డబ్బా పారేయవద్దు, దానితో పని ఉంది.

ఇక మీ ప్రశ్న. డాన్‌షెన్ అనే వేరు ఉంది, అబద్ధం కాదు. మన తులసి, పుదీనా కుటుంబానికే చెందిన మొక్క అది. సాల్వియా మిల్టియోరైజా అని దాని శాస్త్రీయ నామం. వేరు ఇటుక రంగులో ఉంటుంది. ‘డాన్’ అంటే చైనా భాషలో ఎరుపు. ఆ రంగునిచ్చే పదార్థాల పేరు టాన్షినోన్లు. నీళ్లలో కరిగే సాల్వియనోలిక్ ఆమ్లాలు వేరే ఉన్నాయి. చైనా అతి పాత మూలికా గ్రంథంలోనే ఈ వేరు ప్రస్తావన ఉంది కాబట్టి రెండు వేల ఏళ్ల మాట కూడా కొట్టిపారేయదగ్గది కాదు.

అయితే రెండు వేల ఏళ్లుగా దేనికి వాడారో కూడా అడగాలి. నిలిచిపోయిన రక్తాన్ని కదిలిస్తుందని నమ్మి, నెలసరి నొప్పులకు, కడుపులో గడ్డలకు, దెబ్బల వాపులకు, నిద్ర పట్టనివారికి ఇచ్చేవారు. గుండె రక్తనాళంలో కొవ్వు పేరుకుంటుందని ఆనాటి వైద్యులకు తెలిసే వీల్లేదు. స్టంట్ వేసుకుని, దినాం రెండు రకాల రక్తం పలుచన చేసే గోలీలు వేసుకునే మనిషికి ఈ వేరు ఇస్తే ఏమవుతుందో రెండు వేల ఏళ్ల అనుభవం ఏమీ చెప్పలేదు. అది ఈ కాలపు ప్రశ్న, ఈ కాలపు పరీక్షలే జవాబు చెప్పాలి.

‘బ్లాకు కరుగుతుంది’ అనే మాట దగ్గర కాస్త ఆగుదాం. మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది మనసులో బ్లాకు అంటే మోరీలో ఇరుక్కున్న చెత్త. ఏదో ఒక మందు పోస్తే కొట్టుకుపోతుందని ఆశ. కానీ ఆ కొవ్వు ఉండేది రక్తం పారే దారిలో కాదు, నాళం గోడలో. ఇంటి గోడలో చెమ్మ చేరి సున్నం పొర లోపలి నుంచి ఉబ్బుతుందే, అలా. రక్తంలోని ఎల్‌డీఎల్ అనే చెడు కొలెస్ట్రాల్ గోడ లోపలి పొరలోకి దూరుతుంది. దాన్ని తినడానికి తెల్ల కణాలు వచ్చి, తిని తిని అక్కడే చస్తాయి. చుట్టూ నారలాంటి కణజాలం పేరుకుంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ కాల్షియం చేరి గట్టిపడుతుంది. గుండెపోటు ఎక్కువగా వచ్చేది ఆ ఉబ్బు మీది పలుచటి పొర చిట్లి, అక్కడ రక్తం గడ్డకట్టినప్పుడు. అందుకే మా ప్రయత్నమంతా ఆ పొర చిట్లకుండా గట్టిపరచడం మీద, కొత్త కొవ్వు చేరకుండా చూడడం మీద ఉంటుంది.

ఉబ్బు తగ్గదా అంటే, తగ్గుతుంది, కానీ ఎంత తగ్గుతుందో వినండి. 2006లో ప్రచురించిన ఒక అధ్యయనంలో రోసువాస్టాటిన్ అనే కొలెస్ట్రాల్ గోలీని గరిష్ఠ మోతాదులో, రోజూ 40 మిల్లీగ్రాములు, రెండేళ్లు ఇచ్చారు. ఎల్‌డీఎల్ సగటున 60 దాకా దిగింది. నాళంలోకే స్కాన్ తీగ పంపి కొలిస్తే, గోడలో కొవ్వు ఆక్రమించిన వాటా సగటున ఒక్క శాతం మేరకే తగ్గింది. మా చేతిలో ఉన్న అతి బలమైన మందుల్లో ఒకటి రెండేళ్లలో చేసింది అంత. మూడు నెలల్లో బ్లాకులు మాయం చేస్తానని ఏ డబ్బా మీద రాసి ఉన్నా ఆ మాట పక్కన ఈ లెక్క పెట్టి చూడండి. మరి ఒక్క శాతానికి ఇంత తంటా ఎందుకని బాపు అడగవచ్చు. ఉబ్బు సైజు కొద్దిగానే తగ్గినా దాని గుణం మారుతుంది, చిట్లడం తగ్గుతుంది. ఇలాంటి కొలెస్ట్రాల్ గోలీల మీద చేసిన 26 పరీక్షలు, సుమారు 1,70,000 మంది వివరాలు కలిపి చూస్తే, ఎల్‌డీఎల్ దాదాపు 39 పాయింట్లు దిగిన ప్రతిసారీ గుండెపోటు, పక్షవాతం వంటివి ఐదో వంతు తగ్గాయి. ఒకటికి రెండుసార్లు దిగితే లాభం ఇంకా ఎక్కువ.

బావ ఫోన్‌లో చూపించిన రిపోర్టులు దొంగవి కాకపోవచ్చు. డాన్‌షెన్ మీద వందల పేపర్లు ఉన్నాయి. వాటిలో చాలా భాగం ఎలుకల మీద, గాజు పాత్రల్లోని కణాల మీద చేసినవి. అక్కడ ఫలితాలు బాగానే ఉన్నాయి, వాపు తగ్గింది, ఎల్‌డీఎల్ పాడవడం తగ్గింది. కానీ నోటితో మింగినప్పుడు ఈ పదార్థాలు రక్తంలోకి చేరేది చాలా తక్కువ. పాత్రలో కణాల మీద పోసినంత మోతాదు మనిషి నాళం గోడ దాకా వెళ్లదు.

మనుషుల మీద చేసిన పరీక్షలు కూడా చైనాలో చాలా ఉన్నాయి, చాలావరకు మంచి ఫలితాలే చెబుతాయి. ఇక్కడే నాకు అనుమానం. ఒక మందు పని చేసిందో లేదో తేలాలంటే ఎవరికి మందు, ఎవరికి మందు లేని ఉత్తుత్తి గోలీ అన్నది చీటీ తీసినట్టు తేల్చాలి. డాక్టరు తనకు నచ్చినట్టు పంచితే, కొంచెం బాగున్నవాళ్లంతా మందు వైపు చేరిపోతారు. చైనా పరిశోధకులే 2009లో ఒక మంచి పని చేశారు. తమ దేశపు పత్రికల్లో ‘చీటీ తీసి పంచాం’ అని రాసిన 2,235 పరీక్షల రచయితలకు ఫోన్ చేసి, ఎలా పంచారో చెప్పమన్నారు. సరైన పద్ధతిలో పంచినవి 207 మాత్రమే తేలాయి. మిగతావాళ్లలో చాలామందికి ఆ మాటకు అర్థమే సరిగా తెలియదు. తమ ఇంటి లెక్క తామే తీసి బయటపెట్టిన ఆ పరిశోధకులంటే నాకు గౌరవం.

గుండెపోటు రోగులకు డాన్‌షెన్ ఇచ్చిన పరీక్షలను కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ 2008లో జల్లెడ పట్టింది. ఆరు పరీక్షలు, 2,368 మంది. పరీక్షల నాణ్యత నాసిగా ఉందని, మేలు ఉందని చెప్పడానికి ఆధారం చాలదని తేల్చింది. నెదర్లాండ్స్‌లో బీపీ, కొలెస్ట్రాల్ రెండూ ఎక్కువున్న 20 మందికి నాలుగు వారాలు డాన్‌షెన్, నాలుగు వారాలు ఉత్తుత్తి గోలీ ఇచ్చి చూశారు. 2015లో వచ్చిన ఆ ఫలితం ప్రకారం బీపీ తగ్గలేదు, నాళాల పనితీరు మారలేదు, ఎల్‌డీఎల్ డాన్‌షెన్ మింగిన రోజుల్లోనే కాస్త ఎక్కువగా ఉంది. చిన్న పరీక్షే, కానీ జాగ్రత్తగా చేసినది.

వేరు పక్షాన చెప్పదగ్గది కూడా ఉంది, అది దాచడం న్యాయం కాదు. హాంకాంగ్‌లో 100 మంది గుండె రోగులకు డాన్‌షెన్‌ను గెగెన్ అనే మరో వేరుతో కలిపి 24 వారాలు ఇచ్చారు. మెడ నాళం గోడ మందం కొద్దిగా తగ్గింది, చేతి నాళం సాగే గుణం కొంచెం మెరుగైంది. మీ బాపు స్కాన్‌లో చూసిన మెడ నాళాలే ఇవి కాబట్టి ఇది మీకు పనికొచ్చే సంగతి. కానీ వాళ్లకు ఆ వేర్లు ఇచ్చింది మామూలు చికిత్సకు తోడుగా. పైగా కొలిచింది గోడ మందాన్నే, ఎంతమందికి గుండెపోటు తప్పిందన్నది కాదు. 2023లో తోంగ్‌షిన్‌లువో అనే మరో చైనా సంప్రదాయ మందు మీద పెద్ద పరీక్ష వచ్చింది. 124 ఆస్పత్రులు, 3,777 మంది గుండెపోటు రోగులు. నెల రోజుల్లో మరణం, మళ్లీ గుండెపోటు, పక్షవాతం వంటివి ఉత్తుత్తి గోలీ వారిలో 5.2 శాతం మందికి, మందు వాడినవారిలో 3.4 శాతం మందికి వచ్చాయి. దాన్ని తేలిగ్గా తీసేయలేం. కానీ అది జలగ, తేలు వంటివి కలిపి చేసే వేరే మందు, డాన్‌షెన్ కాదు. అక్కడ కూడా అందరికీ దవాఖాన మందులు నడుస్తూనే ఉన్నాయి.

ఇప్పుడు మీకు అన్నింటికన్నా ముఖ్యమైనది చెప్పాలి. నాళాలు గట్టిపడిన జబ్బుకు చైనా సంప్రదాయం నుంచి వచ్చి బలమైన ఆధారం సంపాదించుకున్న మందు ఒకటుంది. అది డాన్‌షెన్ కాదు, షుయెజికాంగ్. బియ్యాన్ని ఒక రకం ఎర్ర బూజుతో పులియబెట్టి, దాని నుంచి తీస్తారు. ఒకసారి గుండెపోటు వచ్చిన 4,870 మందికి ఏళ్ల తరబడి ఇచ్చి చూస్తే, గుండెపోటుగానీ గుండె మరణంగానీ ఉత్తుత్తి గోలీ వారిలో 10.4 శాతం మందికి వచ్చింది, మందు వాడినవారిలో 5.7 శాతానికి తగ్గింది. 2008లో ప్రచురించారు. ఎందుకు పని చేసిందో తెలుసా? ఆ ఎర్ర బియ్యంలో సహజంగానే లోవాస్టాటిన్ ఉంటుంది. అంటే స్టాటిన్, మీ బాపు వారం కిందట మానేసిన గోలీ జాతి మందు.

ఇంకొంచెం వెనక్కి వెళ్తే, మొదటి స్టాటిన్‌ను కనుక్కున్నది జపాన్‌కు చెందిన అకిరా ఎండో. వేల రకాల బూజులను పరీక్షించి, 1973లో బియ్యం మీది ఒక బూజులో ఆ పదార్థాన్ని పట్టుకున్నారు. కాబట్టి ‘ఇది ప్రకృతి మందు, అది కెమికల్’ అని బావ అంటే, దవాఖాన గోలీ పుట్టింది కూడా బియ్యం మీద బూజులోనే అని చెప్పండి. తేడా ఏమిటంటే అందులో మందు ఎన్ని మిల్లీగ్రాములు ఉందో షీటు మీద రాసి ఉంటుంది. అలాగని ఎర్ర బియ్యం క్యాప్సూల్స్ ఎవరైనా అమ్మినా కొనకండి. బాపు గోలీతో కలిస్తే మోతాదు రెట్టింపై కండరాలకు హాని.

కాళ్లు గుంజడం గురించి బాపు చెప్పేది నిజమే, ఆ నొప్పిని కొట్టిపారేయకండి. స్టాటిన్‌తో కొందరికి కండరాల నొప్పులు వస్తాయి. కానీ ఇంగ్లండ్‌లో ఒక అందమైన పరీక్ష చేశారు, 2020లో ఫలితం వచ్చింది. ఇబ్బంది పెడుతోందని స్టాటిన్ మానేసిన 60 మందికి ఏడాది పాటు కొన్ని నెలలు స్టాటిన్, కొన్ని నెలలు ఉత్తుత్తి గోలీ, కొన్ని నెలలు ఏమీ ఇవ్వకుండా చూశారు. ఏ నెల ఏ గోలీయో వాళ్లకు తెలియదు. స్టాటిన్ నెలల్లో వచ్చిన బాధలో 90 శాతం ఉత్తుత్తి గోలీ నెలల్లోనూ వచ్చింది. నొప్పి అబద్ధం కాదు, దానికి కారణం మాత్రం ఎక్కువగా ఆ మందు కాదు. ఆ సంగతి తెలిశాక వాళ్లలో సగం మంది మళ్లీ స్టాటిన్ మొదలుపెట్టారు. మీ బాపుకు సీకే (కండరాలు దెబ్బతిన్నాయేమో చెప్పే రక్త పరీక్ష), థైరాయిడ్, విటమిన్ డి పరీక్షలు చేయించి, అవసరమైతే మోతాదు తగ్గించడమో వేరే స్టాటిన్ ఇవ్వడమో డాక్టరు చేస్తారు. దారులు ఉన్నాయి. నడుస్తుంటే పిక్కలు పట్టేసి, ఆగగానే తగ్గిపోతుంటే మాత్రం తప్పకుండా చెప్పండి. అది కాలి నాళాలు కూడా సన్నబడిన గుర్తు కావచ్చు. మూత్రం ముదురు రంగులో వచ్చి, ఒళ్లంతా విపరీతంగా నొప్పులుంటే గోలీ ఆపి వెంటనే దవాఖానకు వెళ్లాలి.

క్యాప్సూల్స్ ఎందుకు ఆపమన్నానో చెప్పాలి. డాన్‌షెన్‌కు రక్తం గడ్డకట్టడాన్ని తగ్గించే గుణం కొంత ఉంది. 1990లలో హాంకాంగ్ వైద్యులు, వార్ఫరిన్ అనే రక్తం పలుచన చేసే మందు వాడుతున్న గుండె రోగులు డాన్‌షెన్ కూడా తీసుకున్నప్పుడు రక్తం మితిమీరి పలుచబడి ప్రమాదం దాకా వెళ్లిన సంఘటనలు రాశారు. మీ బాపు వాడేది వార్ఫరిన్ కాకపోవచ్చు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ కలిసి రక్తాన్ని ఇప్పటికే పలుచన చేస్తున్నాయి, దాని మీద మూడోది ఎందుకు? పండ్లు తోముతుంటే రక్తం ఆగకపోవడం, ఒంటి మీద నల్లటి మచ్చలు, తారులా నల్లటి మలం కనిపిస్తే వెంటనే డాక్టరుకు చూపించండి. ఇంకో భయం, డబ్బాలో నిజంగా ఏముందన్నది. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గడానికి చైనా మూలికలు వాడిన సుమారు వంద మంది స్త్రీల మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. ఒక మూలికకు బదులు పొరపాటున అరిస్టోలోకియా అనే మరో మూలిక కలిసింది. పేర్లు దగ్గర దగ్గరగా ఉండటమే కారణం.

మద్ది చెక్క సంగతి. డిండి దాటితే నల్లమల, తెల్లమద్ది మనకు కొత్త కాదు. ఆయాసానికి, గుండె దడకు కషాయం కాచి ఇవ్వడం మా నాయనమ్మ కూడా చేసేది. ఛాతీ నొప్పి ఉన్న 58 మంది మీద చేసిన ఒక పరీక్షలో నొప్పి కొంత తగ్గిందని 2002లో రాశారు. బ్లాకులు కరిగించిందని, గుండెపోటు తప్పించిందని చూపిన పరీక్ష ఏదీ నా కంటపడలేదు. గుగ్గులు అనే చెట్టు బంక మీద అమెరికాలో 103 మందితో చేసిన పరీక్షలో ఎల్‌డీఎల్ తగ్గకపోగా కొంచెం పెరిగింది. చైనాదని డాన్‌షెన్‌ను వద్దనడం లేదు, మనదని మద్దిని మందుగా ఒప్పుకోవడమూ లేదు. మలేరియాకు ఆర్టెమిసినిన్ చైనా మూలికలోంచే వచ్చింది. దాన్ని తీసిన తు యూయూకు 2015లో నోబెల్ ఇచ్చారు. అది నిలబడింది పాతది కావడం వల్ల కాదు, కొలిచి చూస్తే నిలబడింది కాబట్టి.

నా చిన్నతనంలో మర్రిగూడ వైపు ఊళ్లలో ఫ్లోరైడ్ నీళ్లతో నడుములు వంగిపోయినవాళ్లను చూస్తూ పెరిగాను. ఎముకలు మళ్లీ నిటారు చేస్తామని సంచుల్లో పొడులు తెచ్చి అమ్మేవాళ్లు వచ్చేవారు. మా పెద్దమ్మ రెండు తులాల వెండి అమ్మి కొన్నది. వంగిన ఎముక ఏ పొడికీ తిరిగి రాలేదు. ఊళ్లలోకి కృష్ణా నీళ్లు రావడంతోనే తర్వాతి పిల్లలు నిటారుగా పెరిగారు. నాళాల గురించి మాట్లాడేటప్పుడు నాకు ఆ నీళ్లే గుర్తొస్తాయి. బాపు విషయంలో ఆ నీళ్ల లాంటివి ఎల్‌డీఎల్, బీపీ, షుగర్, పొగ. బీడీ ఉంటే అది పూర్తిగా పోవాలి, రోజుకు రెండే అన్న లెక్క కుదరదు. తొక్కుల్లో ఉప్పు తగ్గించండి. జొన్న రొట్టె, ఆకుకూర ఎలాగూ మన ఇళ్లలో ఉన్నవే. డాక్టరు సరేనంటే పొద్దున అరగంట నడక. ఎల్‌డీఎల్ 55 లోపు ఉండాలని ఇలాంటి రోగుల విషయంలో గుండె వైద్యులు అంటున్నారు. గోలీ మళ్లీ మొదలుపెట్టిన నాలుగు నుంచి ఆరు వారాలకు లిపిడ్ పరీక్ష చేయించి ఆ ఒక్క అంకె చూడండి. జనఔషధి దుకాణంలో కొంటే బాపు నెల గోలీలన్నీ కలిపినా 4,800లో చిన్న భాగం కూడా కావు.

మిగిలింది బావ. ఆయన ఆ రాత్రి చేసింది మామూలు మేలు కాదు. గుండెపోటులో గంట ముందు చేరడం, గంట ఆలస్యం కావడం మధ్య మనిషే పోవచ్చు. ఆ మాట ఆయనకు ముందు చెప్పండి, మనస్ఫూర్తిగా చెప్పండి. ఆయన మోసం చేయడానికి తెచ్చి ఉంటాడని నేను అనుకోను. ఎవరో ఆయనకు చెప్పారు, ఆయన నమ్మాడు, బహుశా ముందే పైసలు కట్టి నాలుగైదు డబ్బాలు ఇంట్లో పెట్టుకుని ఉంటాడు. అందరి ముందు వాదిస్తే డబ్బాల కోసమైనా గట్టిగా నిలబడతాడు. అందుకని వాదించకండి. వచ్చే చెకప్‌కు ఆయన కారులోనే బాపు, మీరు, ఆయన కలిసి వెళ్లండి. డబ్బా ఆయన చేతికే ఇచ్చి డాక్టరు బల్ల మీద పెట్టించండి. ఫోన్‌లోని రిపోర్టులు కూడా ఆయననే చూపించనివ్వండి, అడగాల్సినవన్నీ ఆయననే అడగనివ్వండి. ఆయన మేనత్త కొడుకైతే ఆయన ఒంట్లోనూ మీ బాపు వైపు రక్తమే ఉంది కదా, అక్కడే ఆయనకూ బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూడమని చెప్పండి.